పరాయి సంచి, గంజాయి చట్టం



2001లో బంగారు గనులు మూతపడిన తరువాత కె.జి.ఎఫ్. కుటుంబాలలో అనేకులకు బెంగుళూరు రైలే జీవనాధారమైంది. తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి, చీకటి పడ్డాక ఇల్లు చేరే మన పిల్లల కోసమే ఈ నాలుగు మాటలు. “ఈ సంచిని అక్కడ ఒకాయనకు అందించు, ఖర్చులకు ఐదువందలు ఉంచుకో” అని తెలిసినవాడే అడిగితే కాదనడం కష్టం. ఆ సంచిలో ఉన్నది గంజాయి అయితే?

ఒకప్పుడు దేశంలో పలుచోట్ల గంజాయిని సర్కారు లైసెన్సు పొందిన అంగళ్లలోనే అమ్మేవారు. పెద్దలలో కొందరు దానిని నేటికీ చిన్న దురలవాటుగా భావించడానికి బహుశా అదే కారణం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్.డి.పి.ఎస్., ఆ దారిని మూసివేసింది.

ఈ చట్టం 20వ సెక్షను ప్రకారం శిక్ష తూకాన్ని అనుసరించి ఉంటుంది. కిలో కన్న తక్కువైతే ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా రూ. 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. అంతకు మించి 20 కిలోల వరకు అయితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గని, ఇరవై ఏళ్ల వరకు శిక్ష. జరిమానా కనీసం లక్ష. అప్పుడు బెయిలు కూడా దుర్లభం: నిందితుడు నిర్దోషి అని నమ్మడానికి తగిన కారణాలు న్యాయస్థానానికి కనబడాలి.

గంజాయి వనంలో తులసి మొక్కనని మనం చెప్పుకోవచ్చు. అయితే సంచి మన అధీనంలో దొరికినట్లు రుజువైతే, అందులో ఏముందో తెలియదని నిరూపించుకునే భారం 35, 54 సెక్షన్ల వలన మనపైనే పడుతుంది. అదీ సహేతుకమైన సందేహానికి తావులేకుండా. ఐదువందల కూలికి ఇంత బరువా!

పోలీసులకూ హద్దులున్నాయి. ఒంటిని సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో సోదా కోరే హక్కు ఉందని 50వ సెక్షను ప్రకారం తెలియజేయాలి. స్త్రీలను స్త్రీలే సోదా చేయాలి. చేతిసంచికి మాత్రం ఈ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది.

ఇక ఇంట్లోనే ఒక బిడ్డ ఆ అలవాటులో చిక్కుకుంటే, పరువు పోతుందని దాచిపెట్టే తల్లిదండ్రులు ఎక్కువ. గంజాయి సేవించినందుకు ఆరు నెలల వరకు జైలు, లేదా రూ. 10,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నమాట నిజమే. కాని 64ఎ సెక్షను చాలామందికి తెలియదు. సేవించిన నేరం గాని, చిన్న పరిమాణానికి సంబంధించిన నేరం గాని మోపబడిన వ్యసనపరుడు తానుగా ముందుకు వచ్చి, ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలోనో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుండి రక్షణ లభిస్తుంది. చికిత్సను మధ్యలో విడిచిపెడితే ఆ రక్షణ రద్దు కావచ్చు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చు.