రసీదు అడగడం పాపం కాదు

(బెంగళూరులో తెలుగు క్రైస్తవ యౌవనస్తుల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం "చిన్న వ్యాపారం, చట్టం". పాస్టరుగారికి లైసెన్సుల గొడవ ఎందుకని వెనక వరసలో ఇద్దరు తమ్ముళ్ళు నవ్వుకుంటున్నారు. నాకు కనబడుతూనే ఉంది. కానీ మన ఇళ్ళలో ఎంతమంది తోపుడుబండి మీద, టిఫిన్ సెంటర్ మీద, కుట్టుమిషన్ మీద బతుకుతున్నారో ఒకసారి లెక్కేసుకోండి. కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. ఆ పిల్లలూ వాళ్ళ పిల్లలూ ఈరోజుకీ తెల్లవారుజామున రైలెక్కి ఈ ఊరికి పనికొస్తున్నారు. ఆ పనీ పోయినప్పుడు చేసేది చిన్న వ్యాపారమే. దానికి కాగితం లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. సంపాదనలో మొదటి భాగం దేవుని మందిరానికి రాదు. వీధి చివర నిలబడ్డవాడి జేబులోకి పోతుంది.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తెరవండి. అక్కడ ఫిలిప్పీలో మనకు మొదట కనబడేది ఒక వ్యాపారస్తురాలు. లూదియ, ఊదారంగు పొడి అమ్మే మనిషి. ఆ అధ్యాయం చివర పౌలు చేసిన పని మనం ప్రసంగాల్లో ఎక్కువగా చెప్పం. చెరసాలలో అర్ధరాత్రి పాటలు పాడటం చెబుతాం, భూకంపం చెబుతాం. తెల్లవారాక న్యాయాధిపతులు గుట్టుగా విడిచిపెట్టబోతే పౌలు ఒప్పుకోలేదు. విచారణ లేకుండా మమ్మల్ని అందరిముందు కొట్టించారు, మేము రోమా పౌరులం, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. వాళ్ళు భయపడి వచ్చారు. తన హక్కేమిటో తెలిసినవాడు గనుక పౌలు అలా అడగగలిగాడు. అది గర్వం కాదు. రేపు అదే ఊళ్ళో విశ్వాసులు బతకాలి గదా, వాళ్ళ మీద ఎవడూ ఊరికే చెయ్యెత్తకుండా చూశాడు.

మన దగ్గర ఆ తెలివి తక్కువ. "ఎందుకొచ్చిన గొడవ, ఓ రెండొందలు పడేస్తే పోతుంది" అంటాం. దానికి "లోబడి ఉండుట" అని పేరు కూడా పెట్టుకుంటాం. లోబడవలసింది చట్టానికి. చట్టం పేరు చెప్పి చెయ్యి చాపేవాడికి కాదు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సుంకరులు వచ్చినప్పుడు నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చెయ్యొద్దన్నాడు. సైనికులు వస్తే ఎవరినీ బెదిరించి డబ్బు గుంజొద్దన్నాడు. లూకా 3వ అధ్యాయం. అయితే నిర్ణయించినది ఎంతో మనకు తెలియకపోతే, ఎక్కువ అడుగుతున్నారని మాత్రం ఎలా తెలుస్తుంది?

అందుకని ముందు తోపుడుబండి సంగతి చూద్దాం. ఎక్కువ దెబ్బలు తినేది వాళ్ళే. రోడ్డు పక్కన అమ్ముకోవడం నేరమని చాలామంది అనుకుంటారు. అమ్ముకునేవాళ్ళు కూడా అలాగే తలొంచుకుంటారు. 1989లోనే సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, వీధిలో అమ్ముకోవడం రాజ్యాంగంలోని 19(1)(జి) కిందికి వచ్చే హక్కు అని చెప్పింది. ఎక్కడబడితే అక్కడ కాదు, ప్రభుత్వం హద్దులు పెట్టవచ్చు, కానీ హక్కు హక్కే. ఆ తర్వాత పాతికేళ్ళకు, 2014లో, వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. అది కేంద్ర చట్టం. బెంగళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, యానాంలో ఉన్నా అదే చట్టం.

అందులో ఏముందో నెమ్మదిగా చెబుతాను, ఫోన్లో రాసుకోండి. పట్టణ విక్రయ కమిటీ కనీసం అయిదేళ్ళకోసారి వీధి వ్యాపారుల సర్వే చెయ్యాలి. సర్వే అయ్యి, అందులో తేలినవాళ్ళందరికీ విక్రయ ధ్రువపత్రం ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఇది మూడో సెక్షన్. పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళు ఆ పత్రం తీసుకోవచ్చు. వ్యాపారం తానుగాని తన కుటుంబంగాని చేస్తామని, వేరే జీవనాధారం లేదని, పత్రాన్ని ఇంకొకరికి అద్దెకివ్వమని రాసివ్వాలి. ఆ మనిషి చనిపోతే పత్రం గడువు తీరేదాకా భార్యో భర్తో, ఆధారపడ్డ బిడ్డో ఆ బండి నడుపుకోవచ్చు. విధవరాండ్ర విషయంలో మనం సంఘంలో చేసే ప్రార్థనకు చట్టంలో ఒక జవాబుంది, మనమే చదవలేదు.

బండిని అక్కడినుంచి జరపాలంటే ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు తర్వాత కూడా కదలకపోతే సరుకు పట్టుకోవచ్చు. కానీ పట్టుకున్న సరుకుల జాబితా రాసి, సంతకం పెట్టి, ఒక ప్రతి మీ చేతికివ్వాలి. రుసుము కట్టి అడిగితే పాడైపోయే సరుకు, అంటే పళ్ళు, కూరగాయలు, చేపలు, అదే రోజు తిరిగివ్వాలి. మిగతావి రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ధ్రువపత్రం షరతుల ప్రకారం అమ్ముకుంటున్నవాళ్ళను పోలీసులుగానీ మరెవరైనాగానీ అడ్డుకోకూడదని 27వ సెక్షన్ చెబుతుంది. చట్టం మీరినా జరిమానా గరిష్ఠంగా రెండు వేలు. ఆ రెండు వేల మాట వినగానే అక్కడ కూర్చున్న ఒక అక్క ముఖం మారింది. నెలనెలా ఎంత పోతోందో ఆమె లెక్క ఆమెకుంది.

అన్నీ బాగున్నాయని నేననను. పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. చాలా ఊళ్ళలో ఈ కమిటీ సంతకాల పుస్తకంలో తప్ప బయట కనబడదు. సర్వే జరిగినప్పుడు బండి వేరే సందులో ఉందని పేరు రాయనివాళ్ళున్నారు. రైల్వే స్థలాలకూ రైళ్ళకూ ఈ చట్టం వర్తించదు, కాబట్టి ప్లాట్‌ఫారం మీద పల్లీలమ్మే మన పిల్లాడికి ఇందులో రక్షణ లేదు. ఇవన్నీ సంఘాలు కలిసి అడగవలసిన విషయాలు. సర్వే ఎప్పుడు, కమిటీలో ఎవరున్నారు అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు వేయడానికి పది రూపాయలు చాలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ అక్కర్లేదు.

ఇక తిండి అమ్మేవాళ్ళు. ఇడ్లీ బండి అయినా, ఇంట్లో కేకులు చేసి క్రిస్మస్‌కు అమ్మే అమ్మాయి అయినా, 2006 నాటి ఆహార భద్రత చట్టం కిందికి వస్తారు. 2011లో నిబంధనలు రాసినప్పుడు ఏడాది అమ్మకం 12 లక్షల లోపు ఉన్నవాళ్ళకు లైసెన్సు అక్కర్లేదన్నారు. నమోదు చాలు, ఏడాదికి 100 రూపాయలు. ఇలాంటి హద్దులను ప్రభుత్వం మారుస్తుంటుంది గనుక దరఖాస్తు పెట్టే రోజున వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఫోటో, గుర్తింపు కార్డు పెడితే 14 అంకెల నంబరు వస్తుంది. దరఖాస్తు అందిన ఏడు రోజుల్లో అధికారి నమోదు ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి నోటీసివ్వాలి. ఏదీ చెయ్యకపోతే వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చని ఆ నిబంధనల్లోనే రాశారు. మీ మాట వినకుండా తిరస్కరించడానికి వీల్లేదు. "లైసెన్సు లేదు, జైలుకు పంపిస్తా" అని ఎవరైనా బెదిరిస్తే 63వ సెక్షన్ చదవమనండి. లైసెన్సు లేనివాళ్ళకు శిక్ష చెప్పే ఆ సెక్షన్ ఇలాంటి చిన్నవాళ్ళను పేరుపెట్టి మినహాయించింది. అయితే నమోదు మాత్రం మానొద్దు. శుభ్రత అంతకన్నా మానొద్దు. అన్నట్టు, మతపరమైన కూడికల్లో ఆహారం పంచేవాళ్ళనూ ఈ చిన్న వ్యాపారుల నిర్వచనంలోనే చేర్చారు. మన ప్రేమవిందులు వండే అన్నలు కూడా వింటే మంచిది.

దుకాణం అద్దెకు తీసుకుంటే మునిసిపల్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ దగ్గర షాపుల చట్టం, ఇవి రాష్ట్రాన్నిబట్టి మారతాయి. మహారాష్ట్రలో 2017 చట్టం చేసినప్పుడు పదిమంది కంటే తక్కువ పనివాళ్ళుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నారు, సమాచారం ఇస్తే చాలన్నారు. సోలాపూర్ తమ్ముళ్ళెవరైనా దీనికోసం ఏజెంటుకు వేలు కట్టుంటే ఎందుకు కట్టారో అడగండి. తక్కెడకు తూనికల శాఖ ముద్ర వేయించాలి, ఎలక్ట్రానిక్ కాటా అయితే ఏటా. న్యాయమైన త్రాసు గురించి లేవీయకాండం 19 చెప్పింది, ముద్ర లేని కాటాతో కూరగాయలమ్మి ఆదివారం ఆ వాక్యం చదవడం బాగుండదు.

జీఎస్టీ గురించి ఇక్కడ అందరికీ భయం ఉంది. 2025 జూలైలో ఈ ఊళ్ళో చిన్న దుకాణాలకు యూపీఐ లెక్కలు చూసి నోటీసులు వచ్చాయి. రాత్రికిరాత్రి "నగదు మాత్రమే" అని అట్టముక్కలు వేలాడాయి. చివరికి రాష్ట్ర ప్రభుత్వం పాత బకాయిలకు పట్టుబట్టమని, ఇకమీదట నమోదు చేసుకోమని చెప్పింది. విషయం ఇంతే. వస్తువులు అమ్మితే ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితే నమోదు. హోటల్ తిండి సేవ కిందికి వస్తుంది. పన్ను లేని సరుకులే, తాజా కూరగాయలు, పాలు లాంటివే అమ్మితే ఎంత అమ్మినా నమోదు అక్కర్లేదు. యానాం వాళ్ళకు ఒక హెచ్చరిక. పుదుచ్చేరి 40 లక్షల హద్దు తీసుకోలేదు, మీకు వస్తువులకూ 20 లక్షలే. పక్కన కాకినాడలో ఉన్న బంధువు చెప్పిన లెక్క మీకు పనికిరాదు. ఇంకోటి, చీటీ డబ్బులూ, చేబదులూ, అమ్మకాలూ ఒకే ఖాతాలో కలపొద్దు. నోటీసు వచ్చిన రోజున ఏది ఏదో విడదీసి చెప్పడం మీ వల్ల కాదు.

ఉద్యమ్ అని ఒక నమోదుంది. మన ఉద్యమం కాదు, హిందీలో ఆ మాటకు వ్యాపార సంస్థ అని అర్థం. 2020 జూలై 1న మొదలైంది. పూర్తిగా ఉచితం, కాగితాలు కూడా అడగరు. డబ్బడిగే వెబ్‌సైట్ కనబడితే అది ప్రభుత్వానిది కాదు. ఆ ఫారంలో మీ సామాజిక వర్గం ఏమిటని ఒక గడి ఉంటుంది. ఇక్కడ కొంచెం ఆగుదాం.

మనలో చాలామంది తాతలు మాల, మాదిగ పేటల్లోంచి వచ్చారు. బాప్తిస్మం తీసుకున్నా ఊరు మనల్ని పేట నుంచి బయటికి రానివ్వలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం హిందువులకే షెడ్యూల్డ్ కులం హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనం బయటే ఉన్నాం. ఇది అన్యాయం, దీనికోసం పోరాడుతున్నాం, పోరాడతాం. కానీ ఆ గడిలో ఎస్సీ అని పెట్టి, చర్చి రిజిస్టర్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు పెట్టుకుని బతికితే రేపు ఎవడో ఒక ఫిర్యాదుతో మీ అప్పూ, మీ దుకాణం, మీ పిల్లల చదువూ పట్టుకుంటాడు. ఆ భయాన్ని వాడుకునేవాళ్ళు మన సంఘాల్లోనే ఉన్నారు. కర్ణాటకలో ఎస్సీలనుంచి వచ్చిన క్రైస్తవులు కేటగిరీ-1, తమిళనాడులో బీసీ, ఆంధ్ర, తెలంగాణల్లో బీసీ-సి. పీఎంఈజీపీ రుణం నిబంధనల్లో ప్రత్యేక వర్గం అంటే ఎస్సీ, ఎస్టీలే కాదు, బీసీలు, మైనారిటీలు, స్త్రీలు కూడా. సబ్సిడీ శాతం వాళ్ళకెంతో మీకూ అంతే. ఉన్నది ఉన్నట్టు రాసి తీసుకోగలిగినదానికి అబద్ధం ఎందుకు రాయాలి? ఈ మాట చెప్పడం నాకూ సులువు కాదు. ఎందుకంటే అబద్ధం రాయించిన మొదటి దోషి ఆ ఉత్తర్వే.

చివరిగా లంచం సంగతి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించారు. ఇప్పుడు ఇచ్చినవాడూ నేరస్థుడే, ఏడేళ్ళ వరకు జైలు. బలవంతపెట్టి తీసుకుంటే మాత్రం ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చెయ్యాలి, అప్పుడు మీరు నేరస్థులు కారు. కర్ణాటకలో లోకాయుక్త పోలీసులు, మహారాష్ట్రలో ఏసీబీ, ఒడిశాలో విజిలెన్స్, తమిళనాడులో డీవీఏసీ. ఒంటరిగా వెళ్ళమని ఏ పళ్ళమ్మే అక్కకూ నేను చెప్పను. రేపు మళ్ళీ అదే వీధిలో ఆమె నిలబడాలి. సంఘ పెద్దలు ఇద్దరు, ఈ యౌవనస్తుల్లో నలుగురు, తోడు వెళ్ళాలి. పెళ్ళికి వందమంది వెళ్తాం, పోలీస్ స్టేషన్‌కు ఆరుగురం వెళ్ళలేమా? అంతకు ముందు చెయ్యవలసిన చిన్న పని ఒకటుంది. డబ్బు అడిగినవాణ్ణి మర్యాదగా "సార్, రసీదు ఇవ్వండి" అనడం. నిజంగా కట్టవలసినదయితే రసీదు వస్తుంది. కాకపోతే చాలాసార్లు ఆ మనిషి పక్క బండి దగ్గరకు పోతాడు. పక్క బండి అక్కకు కూడా ఆ మాట నేర్పండి, ఆమె ఏ మతమైనా సరే.

వచ్చే ఆదివారం రెండో ఆరాధన అయ్యాక కింది హాల్లో రెండు లాప్‌టాప్‌లు, ఒక ప్రింటర్ పెడుతున్నాం. డిగ్రీ చదివిన పిల్లలు ముగ్గురు కూర్చుంటామన్నారు, ఇంకో ఇద్దరు కావాలి. ఆహార నమోదు, ఉద్యమ్, సమాచార హక్కు దరఖాస్తు, ఈ మూడు అక్కడే పూర్తి చేస్తాం. ఆధార్, దానికి కలిపిన ఫోన్, ఒక ఫోటో తెచ్చుకోండి. ఇదివరకు వచ్చిన నోటీసులు, జరిమానా చీటీలు ఏవైనా ఉంటే నలిగిపోయినా సరే పారేయకుండా పట్టుకురండి. బండి వదిలి రాలేని అక్కల దగ్గరకు మధ్యాహ్నం మూడు గంటలకు మేమే వస్తాం, ఏ వీధిలో ఉంటారో ఈ కాగితం మీద రాసి వెళ్ళండి.