పటంలో లేనిది నేల మీద లేనట్టు కాదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నా పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎవరు ఏ పరిశోధన చేశారో వెతికి, వాటి మధ్య దారులు చూపే పటం గీయడం నా పని. నేను చూసే అంశం, వేర్వేరు దేశాల శాస్త్రవేత్తలు కలిసి పనిచేయడానికి కావలసిన కంప్యూటర్ల ఏర్పాటు.

జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగాల సమాచారాన్ని ఒక్కచోట లెక్కగట్టలేరు. సుమారు 40 దేశాల్లోని 170 దాకా కంప్యూటర్ కేంద్రాలు ఆ పని పంచుకుంటాయి. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సైక్లోట్రాన్ సెంటర్ కూడా అందులో ఉన్నాయి. కోతలప్పుడు ఒకరి చేనుకు ఒకరు సాయం పోయినట్టే.

దీని మీద వ్యాసాలు వేలల్లో ఉన్నాయి. వెతికేవాళ్లకు మొదటి చిక్కు పేరుతోనే. 1990ల చివర 'గ్రిడ్' అన్నారు. బ్రిటన్‌లో 'ఈ-సైన్స్' అన్నారు. అమెరికాలో 2003 నాటి నివేదిక 'సైబర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్' అంది. మనం పల్లికాయ అంటాం, కొన్ని ఊళ్లలో బుడ్డలంటారు, పుస్తకంలో వేరుశనగ. ఒక్క పేరుతో వెతికితే మిగతా రెండు గంపలు కనబడవు.

అందుకే పేర్లన్నీ కలిపి వెతుకుతాం. తర్వాత ఏ వ్యాసం దేన్ని ఉదహరించిందో చూస్తాం. 1964లో యూజీన్ గార్ఫీల్డ్ తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ఈ పద్ధతికి పునాది. తరచూ కలిపి ఉదహరించే వ్యాసాలు పటంలో దగ్గరగా చేరి ఊళ్లలా కనిపిస్తాయి. రెండు ఊళ్ల మధ్య దారి లేకపోతే, ఒకరు చేసిన పనినే మరొకరు మళ్లీ మొదటినుంచి చేస్తున్నారేమో చూసుకోవాలి.

అయితే పటంలో లేనిది నేల మీద లేదనుకోకూడదు. ఈ సంగతి మన ప్రాంతానికి కొత్త కాదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు మన ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గారు జాబితాతో జవాబిచ్చారు. 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మందిని చూపించారు. నేటి అంతర్జాతీయ సూచికల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషే. తెలుగులో రాసిన పరిశోధన చాలావరకు వాటికెక్కదు.

కాబట్టి ఒక మనవి. యూనివర్సిటీ థీసిస్‌లకు శోధ్‌గంగ ఉంది. అందులో చేరనివి, పాలమూరు చెరువులు, వలసలు, సంస్థానాలు, నల్లమల చెంచుల మీద మనవాళ్లు రాసినవి, ఇళ్లలో బీరువాల్లో ఉంటే బయటికి తీయండి. శీర్షిక, రచయిత, సంవత్సరం, ఊరు, విషయం: ఐదు గడుల పట్టిక చాలు. విషయం గడిలో ఇంగ్లీషు మాట పక్కన మన ఊరి మాట కూడా రాయండి.

రేపు ఈ బడి పిల్ల వెతికినప్పుడు, వేరుశనగ అన్నా దొరకాలి, బుడ్డలన్నా దొరకాలి.

సెలవు.