కృతజ్ఞతయే నాయకలక్షణము

(జహనుమాలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



వందనసమర్పణము సభాంతమున చేయుట మనకు పరిపాటి. అప్పటికి సగము జనము లేచిపోవుదురు. మిగిలినవారు విస్తళ్లవైపు చూచుచుందురు. కావున మేము ఆ విషయమును ముందుగనే విన్నవింప దలచితిమి.

కృతజ్ఞుడనగా కృతమును, అనగా చేయబడినదానిని, ఎఱిగినవాడు. ఎఱుగుట ముందు, నమస్కరించుట తరువాత. కృతఘ్నుడనగా చేసినదానిని చంపువాడు. మఱచుటయే ఆ చంపుట. సామాన్యుడు తనకు మేలొనర్చినవారిని ఎఱిగిన చాలును. నాయకునకు అది చాలదు. సంఘమునకు ఎవరెవరు ఏమేమి చేసిరో అతడే వెదకి తెలిసికొనవలయును. ఏలయన, పాటుపడినవారు తమంతట వచ్చి చెప్పుకొనరు.

ఇందుకు మన ప్రాంతముననే యొక నిదర్శనము కలదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి; 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమ నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షులైరి. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా, వారిచ్చిన ప్రత్యుత్తరము 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచిక. అందు 354 గురు కవులు లోకమునకు కానవచ్చిరి. నాయకుడు తన కీర్తిని గాక యితరుల కృతిని వెదకిన ఫలమది.

మఱి మన సంగతి? సంచికలో విరాళముల క్రమమున పోషకుల పేర్లు ముద్రింతుము. అది న్యాయమే, ధనము లేనిదే సభ సాగదు. కాని వేకువజామున పొయ్యి రాజేసినవారు, షామియానా గుంజలు పాతినవారు, పేదవిద్యార్థుల ఫీజులకై ఇల్లిల్లు తిరిగి చందాలు కూర్చినవారు ఏ పుటయందున్నారు? పేరు పలుకబడనివాడు మఱుసటియేడు రాడు. అప్పుడు యువకులలో సేవాభావము నశించినదని మనమే నిందింతుము.

మా మనవి రెండు మాటలు. వచ్చు సంవత్సరమునుండి శ్రమదాతల పట్టికను అధ్యక్షులే తమ ఉపన్యాసమునకు ముందు చదువవలయును. సంఘము సాయమున చదువుకొన్నవారు, మనలో పెద్దలైనవారితో సహా, ఒక్కొక్క పేదబాలుని చదువు వహింపవలయును. నోటితో చెప్పిన కృతజ్ఞత సగమే. చేతితో తీర్చినది పూర్ణము.

జహనుమా యనగా పారసీకమున లోకమును చూపునది. ఇచ్చట కూడిన మనము, మనకై పాటుపడినవారిని లోకమునకు చూపగలిగితిమేని, ఈ పేరు మనయెడలను సార్థకమగును.

స్వస్తి.