బజారును చదువుదాం



సూర్యాపేట బజారు మనకు కొత్త కాదు. పూల సెంటర్ తెలుసు. శంకర్ విలాస్ సెంటర్ తెలుసు. కాని దుకాణం బోర్డు మీద ఏముందో ఎవరినో అడిగేవాళ్లం. ఎంత చెబితే అంత ఇచ్చి వచ్చేవాళ్లం. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. ఇక బజారును కూడా చదువుదాం.

హోటల్‌కు పోతే ముందు ధరల బోర్డు చదవండి. ఇడ్లీ ఎంత? చాయ్ ఎంత? తిన్నాక బిల్లు మీరే కూడి చూడండి.

కిరాణా దుకాణంలో నూనె ప్యాకెట్ తిప్పి చూడండి. ఎం.ఆర్.పి. అని ఉంటుంది. పన్నులన్నీ ఆ ధరలోనే ఉంటాయి. అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు. తక్కువకు మనం అడగవచ్చు. గడువు తేదీ కూడా చదవండి. పప్పు తూచే ముందు కాటా మీద సున్నా ఉందో లేదో చూడండి.

రశీదు అడగడానికి సిగ్గుపడొద్దు. అది మన హక్కు. వినియోగదారుల చట్టం 1986లో వచ్చింది. 2019లో దాని చోట కొత్త చట్టం చేశారు. మోసం జరిగితే 1915కు ఫోన్ చేయవచ్చు. కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా ఇదే చట్టం.

నాట్లేసి, కలుపు తీసి తెచ్చిన కూలి మనది. ఒక్క రూపాయి కూడా ఊరికే పోనీయొద్దు. ఈసారి బజారుకు సంచితో పాటు చదువునూ తీసుకుపోదాం.