కూలి అనే మాటను వెదికితే
(గుడియాత్తంలో తెలుగు సంఘాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



వేలూరు అంటే మన ఆంధ్ర బంధువులకు ఆసుపత్రి గుర్తొస్తుంది. గుడియాత్తం అంటే లుంగీలు, అగ్గిపెట్టెలు, బీడీలు. ఇక్కడ నిలబడి గ్రీకు, లాటిన్ గ్రంథాల గురించి మాట్లాడడమేమిటని మీరు అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. మాట చివరికి కూలి దగ్గరికే వస్తుంది.

మేము వేదాంత విద్య చదివే రోజుల్లో పెద్ద గ్రీకు నిఘంటువు గ్రంథాలయంలో ఒక్కటే ఉండేది. బయటికి ఇచ్చేవారు కారు. చదువు ముగించి పల్లె సంఘాలకు వచ్చాక అదీ అందలేదు. మూలభాషలో ఏముందో పెద్ద ఊళ్ళవాళ్ళు చెప్పాలి, మనం వినాలి. ఈ రోజు లిడెల్, స్కాట్‌ల నిఘంటువు మన ఫోనులోనే తెరుచుకుంటుంది. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంవారి పెర్సియస్ గ్రంథాలయంలో గ్రీకు కొత్త నిబంధన, హోమరు, ప్లేటో ఉచితంగా ఉన్నాయి. కాలిఫోర్నియాలో 1972లో మొదలైన మరో సేకరణ హోమరు నుండి 1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనం వరకు వచ్చిన గ్రీకు రచనలను కూర్చింది. అందులో చాలా భాగం చందా కట్టినవాళ్ళకే. ఆ తేడా కూడా న్యాయానికి సంబంధించినదే.

ఇవి ఎలా పనిచేస్తాయి? "రా", "వస్తాను", "వచ్చింది" మూడూ ఒకే క్రియ అని మనకు తెలుసు, యంత్రానికి తెలియదు. గ్రీకులో ఒక్కో క్రియకు వందల రూపాలుంటాయి. ఏ రూపం ఏ మాటదో ముందుగా నేర్పిస్తేనే, ఒక్క మాట అడిగితే దాని రూపాలన్నీ దొరుకుతాయి.

మేము "మిస్థోస్" అనే మాట వెదికాం. కూలి అని అర్థం. హోమరు ఇలియడ్ 21వ కాండలో ఒక కథ దొరికింది. పొసైడన్, అపోలో అనే ఇద్దరు దేవుళ్ళు ట్రాయ్ రాజు దగ్గర ఏడాది పనిచేశారు. ఒకరు గోడ కట్టారు, ఇంకొకరు పశువులు కాశారు. గడువు తీరాక రాజు కూలి మొత్తం ఎగవేసి, చెవులు కోస్తానని బెదిరించి పంపేశాడు. తర్వాత గ్రీకు పాత నిబంధనలో లేవీయకాండము 19:13 దొరికింది. కూలివాని కూలి తెల్లవారేవరకు నీ దగ్గర ఉండకూడదు అనేచోట, గ్రీకులో వాడిన క్రియకు "నిద్రపోవు" అని అర్థం. కూలివాడి డబ్బు యజమాని ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోకూడదన్నమాట.

చివరికి యాకోబు 5:4. ఇక్కడ ప్రతులు రెండు రకాలు. చాలా ప్రతుల్లో "మోసంతో ఎగవేసిన" కూలి. 4వ శతాబ్దపు సినాయి ప్రతిలో "ఇవ్వకుండా ఆపిన" కూలి. ఆ ప్రతి పుటలన్నీ 2009 నుండి ఎవరైనా చూడవచ్చు. మన తెలుగు బైబిలులో మోసం, బిగపట్టడం రెండూ ఉన్నాయి. ఆర్కాటు మిషనులో, మదనపల్లిలో పనిచేసిన డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. అప్పట్లో చిత్తూరు, వేలూరు, గుడియాత్తం ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లా. మూలభాషతో ఈ పోరాటం మన ప్రాంతానికి కొత్త కాదు.

బాగాలేవని పక్కన పడేసిన బీడీలకు కూలి కోసినప్పుడు అది మోసమా, ఆలస్యమా? బీడీలు చుట్టే మన అక్కలకు గ్రీకు రాకపోయినా ఆ రెండూ తెలుసు. వాక్యం కూడా రెండింటినీ వదలలేదు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఈ అక్షరాలన్నీ ఎవరు కొట్టారు? రొబెర్తో బూసా అనే ఇటలీ జెస్యూట్ ఫాదర్ 1949లో ఐబీఎం కంపెనీ అధిపతిని కలిసి, థామస్ అక్వినాస్ లాటిన్ రచనలకు మాటల పట్టిక మొదలుపెట్టారు. సుమారు 1 కోటి 10 లక్షల మాటలు, 56 సంపుటాలు, 30 ఏళ్ళ పని. కార్డుల మీద రంధ్రాలు కొట్టి ఆ మాటలు ఎక్కించినవాళ్ళలో ఎక్కువమంది చిన్న వయసు అమ్మాయిలు. లాటిన్ తెలిస్తే సొంతంగా దిద్దేస్తారని, రానివాళ్ళనే ఎంచుకున్నారని చెబుతారు. ఫాదరుగారి పేరు ప్రపంచమంతా తెలిసింది. ఈ అమ్మాయిల పేర్లను పరిశోధకులు వెదికి చెప్పడానికి అరవై ఏళ్ళు పట్టింది. ఈనాడు చెన్నైలో విదేశీ ప్రచురణకర్తలకు అక్షరాలు కూర్చే మన పిల్లల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి?

కాబట్టి మా మనవి రెండే. మొదటిది, ఈ సాధనాలను కాపరులు ఒక్కరే దాచుకోవద్దు. బైబిలు పఠనంలో ఫోను తెరిచి, స్త్రీలతో, యువకులతో కలిసి వెదకండి. రెండవది, మన సంఘాల బీరువాల్లో పాత తెలుగు పత్రికలు, కీర్తనల పుస్తకాలు, సంఘ రిజిస్టర్లు చెదలు పట్టిపోతున్నాయి. వాటిని ఫోటో తీయించి, వెదకగలిగేలా టైపు చేయిద్దాం. రిజిస్టర్లలో ఇప్పుడు బతికున్నవారి వివరాలు మాత్రం బయట పెట్టవద్దు. టైపు చేసే పిల్లలకు పరిచర్య అని చెప్పి ఉచితంగా చేయించుకోవద్దు. ఏ రోజు కూలి ఆ రోజు ఇద్దాం. మొదటి పుటలో వాళ్ళ పేర్లు వేద్దాం.

కూలి అనే మాటను గ్రీకులో వెదికి, పనిచేసినవారికి కూలి ఎగవేస్తే, ఆ మొర మన మీదే లేస్తుంది. ప్రభువు మనలను అలాంటి పాపం నుండి కాపాడును గాక. ఆమేన్.