డిబ్బీలో డబ్బు ఎవరిది?

(పొదుపు దినోత్సవం సందర్భంగా తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు చిన్నప్పటి నుంచే డబ్బు దాచుకోవడం ఎలా నేర్పాలో చెప్పమని నన్ను పిలిచారు. ప్రపంచమంతా అక్టోబరు 31న జరిపే పొదుపు దినోత్సవాన్ని మన దేశంలో ఒక రోజు ముందు, 30న జరుపుతాం. ఆ రోజు ఉపన్యాసాలలో చీమను చూసి నేర్చుకోమంటారు. నేను చీమ దాకా పోను. మా ఇంట్లో జరిగిన సంగతే చెప్తాను.

మా పాప ఏడో తరగతిలో ఉండగా దాని మట్టి డిబ్బీ పగలగొట్టాను. తెలంగాణలో మీరు గల్లగురిగి అంటారే, అదే. పండక్కి తాతయ్య ఇచ్చినవి, కొట్టుకు పంపితే మిగిలిన చిల్లర, అన్నీ కలిపి పదకొండు వందల నలభై రూపాయలు. ఆ నెల చీటీ కట్టాలి, నా చేతిలో లేదు. పక్కనే మా బాబు డిబ్బీ కూడా ఉంది, దానికన్నా బరువుగానే ఉంది. దాని మీదికి నా చెయ్యి పోలేదు. ఎందుకంటే వాడు లెక్క అడుగుతాడు, ఇల్లు పీకి పందిరేస్తాడు. పాప అడగదు. "పెద్దయ్యాక నీకు గొలుసు చేయిస్తాలే" అంటే ఊరుకుంటుంది. నిజంగానే ఏమీ అనలేదు. మర్నాటి నుంచి డిబ్బీలో వెయ్యడం మాత్రం మానేసింది.

స్త్రీల హక్కుల గురించి పదిమందికీ చెప్పే దాన్ని నేను. పొదుపు నేర్పుతున్నాననుకుంటూ ఆ ఒక్క సాయంత్రం ఇద్దరు పిల్లలకూ రెండు పాఠాలు నేర్పాను. నీ డబ్బు నీదేనని వాడికి, నీ డబ్బు ఇంటిదని దానికి.

ఇది నాతో మొదలైంది కాదు. మన అమ్మలు పోపుల డబ్బాలోనూ బియ్యం డబ్బా అడుగునా డబ్బు దాచారు. దాచుకోవడం అన్నా దాచిపెట్టడం అన్నా వాళ్లకు ఒకటే అయింది. మగవాడి కంట పడితే అది సారా దుకాణానికి పోతుంది. అందుకే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటానికీ పొదుపుకూ అంత దగ్గర సంబంధం. అక్షరాస్యతా తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్లే సారా పాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే ఆడవాళ్లు రోజుకొక రూపాయి చొప్పున పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. ఆ రూపాయి డబ్బా అడుగున దాచింది కాదు. పది మంది ఎదుట, పుస్తకంలో రాసి, తన పేరున వేసింది. ఆ తర్వాత ఈ సంఘాల పేరు చెప్పుకుని అప్పులవాళ్లు మన గుమ్మాల్లోకి ఎలా వచ్చారో, 2010లో పరిస్థితి ఎక్కడిదాకా పోయిందో మీకు తెలుసు. అది వేరే కథ. పేరు పుస్తకంలో ఉండడం ముఖ్యం అన్నంతవరకే ఇప్పుడు చెప్తున్నాను.

మరి పిల్లల పేరు? పదేళ్లు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరునే ఖాతా తెరిచి, తామే వేసుకుని, తామే తీసుకోవచ్చు. బ్యాంకులలోనూ ఇలా అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2014లో చెప్పింది, 2025లో మళ్లీ చెప్పింది. ఎంతవరకు తీయవచ్చన్నది బ్యాంకు నిర్ణయించుకుంటుంది. పదేళ్ల లోపు అయితే సంరక్షకులు ఉండాలి. ఈ 'సంరక్షకుడు' అనే మాట దగ్గరే తిరకాసు.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో సహజ సంరక్షకుడు తండ్రి, అతని తర్వాత తల్లి అని ఉంది. రచయిత్రి గీతా హరిహరన్ 1984లో కొడుకు పేర బాండ్లు కొనబోతే, తండ్రి సంతకం కావాలని రిజర్వు బ్యాంకు తిప్పి పంపింది. డబ్బు దాచేది తల్లి, సంతకం తండ్రిది! ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999లో కోర్టు 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాక అని కాదు, అతను బిడ్డ బాగోగులు చూడనప్పుడు అని కూడా అర్థం చెప్పింది. చట్టంలో మాట మాత్రం అలాగే ఉంది.

ఇంకొకటి. 2015లో ఆడపిల్లల కోసం సుకన్య సమృద్ధి ఖాతా వచ్చింది. మంచిదే, వడ్డీ బాగుంటుంది, మీలో చాలామంది కడుతున్నారు. మొదట్లో పదేళ్లు దాటిన పిల్ల తన ఖాతా తానే నడుపుకోవచ్చని నిబంధన ఉండేది. 2019లో దాన్ని పద్దెనిమిదేళ్లకు మార్చారు. పైగా గడువుకు ముందే ఖాతా మూయడానికి ఒప్పుకునే కారణాలలో పెళ్లి ఒకటి. మగపిల్లవాడి పేర పొదుపు పథకం ఏదైనా పెళ్లి మాట ఎత్తుతుందా? ఖాతా తెరవండి, వద్దనను. పాస్‌బుక్కు మాత్రం బీరువాలో పెట్టి తాళం వెయ్యకండి. ఏడాదికోసారైనా పిల్ల చేతికిచ్చి చదివించండి, వడ్డీ ఎంత పడిందో దానిచేతే లెక్క కట్టించండి.

పస్తుండి దాచిన పిల్లను మెచ్చుకోకండి. స్కూల్లో చిరుతిండి డబ్బు తినకుండా దాచిందని నేనూ ఒకప్పుడు మురిసిపోయాను. అలా మెచ్చుకుంటే తన ఆకలి చంపుకోవడం గొప్ప అనే మన పాత జబ్బే దానికీ అంటుతుంది. అది దాచింది అదే ఖర్చు పెట్టుకోవాలి. తప్పు కొనుగోలు చేసినా సరే. రెండు రోజుల్లో విరిగిపోయే బొమ్మ కొని ఏడిస్తే ఏడవనివ్వండి. "కాదు, ఇవ్వను" అనడం కూడా రానివ్వండి. మనకే చెప్పినా సరే.

ఇంట్లో అవసరం వచ్చి పిల్లల డబ్బు తీసుకోవాల్సి వస్తే? వస్తుంది, మనం కలవాళ్లం కాదు. అప్పుడు అడిగి తీసుకోండి. ఒకరి దగ్గరే కాదు, ఇద్దరి దగ్గరా. నోటు పుస్తకంలో తారీఖు వేసి, సంతకం పెట్టి, అప్పుగా తీసుకోండి. మైనరు పేర ఉన్న ఇల్లూ పొలమూ కోర్టు అనుమతి లేకుండా సంరక్షకులు అమ్మకూడదని ఆ 1956 చట్టమే అంటుంది. డిబ్బీ సంగతి ఏ చట్టమూ చూడదు, మనమే చూసుకోవాలి.

డిబ్బీ పగలగొట్టిన నాలుగు నెలలకు నేను పాప దగ్గర కూర్చుని విషయం చెప్పాను. పుస్తకంలో రాశాం. నెలకు వంద చొప్పున తీర్చాను. ఆఖరి నలభై ఇస్తుంటే, "వడ్డీ ఏదీ?" అంది. అప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం. మళ్లీ నవ్వూ వచ్చింది. వడ్డీ ఎంతివ్వాలో దాన్నే కట్టమన్నాను. అది కట్టిన లెక్క తప్పు, నాకే ఎక్కువ పడింది. అయినా ఇచ్చేశాను.

పోస్టాఫీసుకు ఏయే కాగితాలు పట్టుకెళ్లాలో అడగాలనుకునేవాళ్లు ఇప్పుడు అడగండి.