నాయన పేరున నిలిచిన జీఎస్టీ నంబరు


2017లో చీరలు నేరుగా అమ్ముదామని మన ఇళ్లల్లో చాలామంది నాయనలు జీఎస్టీ నంబరు తీసుకొన్నారు. తర్వాత అమ్మకం ఆగింది. అమ్మకమే లేనప్పుడు రిటర్నెందుకని ఊరకున్నారు. సంఘంలో మేమూ అలాగే అనుకొన్నాం, దాచేదేముంది!

సున్నా రిటర్నుకూ రోజుకు 20 రూపాయల ఆలస్య రుసుం ఉంది. రిటర్నుకు 500 దాటదు గానీ, నెలనెలా వేయాల్సిన 3బీ ఒక్కటే ఏడాదికి 6,000 అవుతుంది. గడువు దాటి మూడేళ్లయితే వేయనే వేయనివ్వరు.

పిల్లలూ, నాయనను కసరుకోవద్దు. పెట్టెలోని కాగితాలు, పాసుబుక్కు తీసి పక్కన కూర్చోండి. వ్యాపారం లేకుంటే బాకీ రిటర్నులు వేసి, నంబరు రద్దుకు అర్జీ పెట్టండి. రద్దయ్యాక మూడు నెలల్లో ఆఖరి రిటర్నొకటుంది. మా వీధిలో అదే మరిచారు, మళ్లీ నోటీసు వచ్చింది.

సంఘం ఆఫీసుకు రండి, కలిసి చూద్దాం.